గర్భం మొదటి వారాలు, సైటోకైన్లు: మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలు

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు, ఐవీఎఫ్ మధ్యలో ఉన్నవాళ్ళు, గర్భం నిలవక బాధపడుతున్నవాళ్ళు అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ దశలో ఉన్నవాళ్ళు ఆ దశకి నేరుగా వెళ్ళిపోవచ్చు, పైనుంచి కింద దాకా చదవాల్సిన పని లేదు. నేను ఇంత శ్రద్ధ పెట్టి రాయడానికి కారణం ఒకటే: "మీ ఇమ్యూనిటీ ఎక్కువైంది, దాన్ని అణిచేస్తే గర్భం నిలుస్తుంది" అన్న మాట చాలా తేలిగ్గా చెలామణి అవుతోంది. ఆ మాట నమ్మి ఎంతోమంది అక్కర్లేని మందులు వాడుతున్నారు, అంతకంటే బాధ ఏంటంటే తమ ఒంటినే తప్పు పట్టుకుంటున్నారు. మందు మొదలుపెట్టడం, ఆపడం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

## ముందుగా తెలియాల్సినవి

సైటోకైన్లు అంటే అసలు ఏంటి? హార్మోన్ల లాంటివేనా?

కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లు. ఐఎల్-6, ఐఎల్-10, ఐఎల్-15 ఇలా నంబర్లతో పిలిచే ఇంటర్‌ల్యూకిన్లు, ఇంటర్‌ఫెరాన్లు, టీఎన్‌ఎఫ్, తెల్ల రక్తకణాలను ఒక చోటికి రప్పించే కీమోకైన్లు, టీజీఎఫ్-బీటా లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు అన్నీ ఈ కుటుంబంలోవే. పేరులో ఇమ్యూనిటీ ఉంది కదా అని తెల్ల రక్తకణాలు మాత్రమే వీటిని తయారు చేస్తాయనుకోవద్దు. గర్భాశయం లోపలి పొర కణాలు, అండం చుట్టూ ఉండే కణాలు, చివరికి కొన్ని రోజుల వయసున్న పిండం కూడా వీటిని విడుదల చేస్తాయి.

హార్మోన్‌కీ దీనికీ ముఖ్యమైన తేడా దూరంలో ఉంది. హార్మోన్ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. సైటోకైన్ ఎక్కువగా పుట్టిన చోటే, పక్క కణం మీద పనిచేసి కాసేపటికి మాయమైపోతుంది. హార్మోన్ అంటే ఊరంతటికీ మైకులో చెప్పడం అనుకుంటే, సైటోకైన్ పక్కగదిలో ఉన్నవాళ్ళని పిలవడం. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే రక్తపరీక్షల గురించి వచ్చే సగం గందరగోళం పోతుంది.

ఇమ్యూనిటీ పని జబ్బులతో పోరాడటం కదా, గర్భంతో దానికేం సంబంధం?

పోరాటం దాని పనుల్లో ఒకటి, అంతే. పాత కణజాలాన్ని తీసేయడం, గాయం మాన్పడం, కొత్త రక్తనాళాలు వేయించడం కూడా దాని పనులే. గర్భాశయంలో ప్రతి నెలా జరిగేది సరిగ్గా ఇదే: లోపలి పొర రాలిపోతుంది, మచ్చ లేకుండా మానుతుంది, మళ్ళీ పెరుగుతుంది. నెలసరికి ముందు ప్రొజెస్టెరాన్ పడిపోగానే ఐఎల్-8 పెరిగి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఆ పొరలోకి వస్తాయి, పొరను కరిగించే ఎంజైములు పనిలోకి దిగుతాయి, రక్తస్రావం మొదలవుతుంది. అంటే గర్భం రాకముందే, ప్రతి నెలా, ఇమ్యూన్ కణాలు అక్కడ రాకపోకలు సాగిస్తూనే ఉంటాయి.

బిడ్డలో సగం తండ్రి జన్యువులే కదా, మరి అవయవ మార్పిడిలోలాగా తల్లి ఒళ్ళు ఎందుకు తిప్పికొట్టదు?

ఇదే ప్రశ్నను 1953లో పీటర్ మెడావర్ స్పష్టంగా లేవనెత్తాడు. 1960లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఆయన, పరాయి కణజాలాన్ని శరీరం ఎలా ఓర్చుకుంటుంది అన్నదాని మీద చేసిన పనికే ఆ బహుమతి. తల్లి ఇమ్యూన్ వ్యవస్థ మొద్దుబారి ఉండొచ్చు, లేదా పిండం దాని కంటపడకపోవచ్చు, లేదా ఇద్దరి మధ్య అడ్డుగోడ ఉండొచ్చు అని ఆయన ఊహించాడు.

ఇప్పుడు మనకు తెలిసినది ఇంకా ఆసక్తికరంగా ఉంది. తల్లి వ్యవస్థ మొద్దుబారదు, పిండాన్ని చూడకుండానూ ఉండదు. చూస్తుంది, గుర్తుపడుతుంది, ఆ గుర్తింపుకు సహకారంతో జవాబిస్తుంది. మాయ నుంచి బయటకొచ్చి గర్భాశయంలోకి చొచ్చుకెళ్ళే ట్రోఫోబ్లాస్ట్ కణాలు, మార్పిడి చేసిన కిడ్నీని తిప్పికొట్టించే హెచ్‌ఎల్‌ఏ-ఏ, హెచ్‌ఎల్‌ఏ-బీ గుర్తులను అసలు చూపించవు. వాటి బదులు హెచ్‌ఎల్‌ఏ-సీ, హెచ్‌ఎల్‌ఏ-ఈ, హెచ్‌ఎల్‌ఏ-జీ చూపిస్తాయి. వీటిలో హెచ్‌ఎల్‌ఏ-జీ ఆరోగ్యంగా ఉన్న శరీరంలో దాదాపు ఈ కణాల మీదే కనిపిస్తుంది. దీనికి తోడు రెగ్యులేటరీ టీ కణాలు ఐఎల్-10, టీజీఎఫ్-బీటా విడుదల చేస్తూ దాడి చేసే కణాలను అదుపులో ఉంచుతాయి.

## అండం విడుదల, కలయిక

అండం విడుదల కావడంలో కూడా ఇన్‌ఫ్లమేషన్ (గాయమైతే వచ్చే వాపు, మంట లాంటి స్పందన) ఉంటుందా? నొప్పి మాత్ర వేసుకుంటే ఇబ్బందా?

ఉంటుంది. అండ విడుదల ఒక రకమైన ఇన్‌ఫ్లమేషన్ ప్రక్రియేనని లారెన్స్ ఎస్పీ 1980లో ప్రతిపాదించాడు, తర్వాత వచ్చిన ఆధారాలు చాలావరకు ఆ వైపే ఉన్నాయి. ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరిగాక ఫాలికిల్ (అండం పెరిగే చిన్న సంచి)లో ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-8 పెరుగుతాయి, తెల్ల రక్తకణాలు చేరతాయి, నొప్పి, వాపు తెప్పించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి, గోడలోని కొల్లాజెన్ పల్చబడి చివరికి ఒక చోట తెగి అండం బయటికొస్తుంది.

అందుకే ప్రోస్టాగ్లాండిన్లను ఆపే మాత్రలు, అంటే ఇండోమెథాసిన్, మెలాక్సికామ్, ఐబుప్రోఫెన్ లాంటివి, సరిగ్గా ఆ రోజుల్లో వరుసగా వాడితే ఫాలికిల్ తెగడం ఆలస్యం కావచ్చు, కొందరిలో ఆ నెలకు తెగకపోవచ్చు. మాత్ర ఆపితే ఆ ప్రభావమూ పోతుంది. ఎప్పుడో తలనొప్పికి ఒకటి వేసుకున్నందుకు కంగారు పడక్కర్లేదు. కీళ్ళనొప్పులకు రోజూ వాడుతూ గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు మాత్రం డాక్టరుకి ఈ విషయం తప్పకుండా చెప్పాలి.

వీర్యం పని వీర్యకణాలను మోసుకెళ్ళడమే కదా? ఇమ్యూనిటీకి దానితో సంబంధం ఏంటి?

చాలామంది డాక్టర్లు కూడా దీని గురించి మాట్లాడరు, కానీ నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా నచ్చే భాగం ఇదే. వీర్యద్రవంలో టీజీఎఫ్-బీటా చాలా ఎక్కువగా ఉంటుంది, ప్రోస్టాగ్లాండిన్లూ ఉంటాయి. కండోమ్ లేకుండా కలిసిన కొన్ని గంటల్లోనే గర్భాశయ ముఖద్వారం దగ్గరి కణాలు జీఎం-సీఎస్‌ఎఫ్ అనే సైటోకైన్, ఐఎల్-6, ఐఎల్-8 తయారు చేయడం, అక్కడికి తెల్ల రక్తకణాలు రావడం మనుషుల్లోనే చూశారు. కండోమ్ వాడినప్పుడు ఇది కనిపించలేదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో సారా రాబర్ట్‌సన్ బృందం దీని మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది.

అర్థం ఏమిటంటే, తండ్రి వైపు గుర్తులు తల్లి ఇమ్యూన్ వ్యవస్థకి గర్భానికి ముందే పరిచయం అవుతాయి. ఆ పరిచయం జరిగేటప్పుడు చుట్టూ టీజీఎఫ్-బీటా ఉండటంతో ఓర్చుకునే టీ కణాలు తయారయ్యే వీలు ఎక్కువ. భాగస్వామితో చాలా తక్కువ కాలం కలిసి ఉన్నాక వచ్చిన గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే సమస్య) కొంచెం ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చని భావిస్తున్నారు. అయితే ఇది లేకపోతే గర్భం రాదని మాత్రం కాదు. దాత వీర్యకణాలతో, ఐవీఎఫ్‌తో రోజూ ఆరోగ్యమైన బిడ్డలు పుడుతూనే ఉన్నారు.

## పిండం అతుక్కునే రోజులు

పిండం ఎప్పుడు అతుక్కుంటుంది? ఏ రోజైనా అతుక్కోవచ్చా?

ఏ రోజైనా కుదరదు. 28 రోజుల నెలసరి ఉన్నవాళ్ళలో గర్భాశయం లోపలి పొర ఇంచుమించు 20వ రోజు నుంచి 24వ రోజు దాకా మాత్రమే పిండాన్ని రానిస్తుంది. 1999లో అలెన్ విల్‌కాక్స్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఆరు వారాలు దాటి నిలిచిన గర్భాల్లో 84 శాతం అండ విడుదల తర్వాత 8, 9, 10 రోజుల్లోనే అతుక్కున్నాయి. ఇంకా ఆలస్యంగా అతుక్కున్నవాటిలో తొలి రోజుల్లోనే పోయేవి ఎక్కువ. ఆ పొరను ఆ కొద్ది రోజులకి సిద్ధం చేసేది ప్రొజెస్టెరాన్, దాని ఆదేశాలను అక్కడికక్కడ అమలు చేసేవాటిలో సైటోకైన్లు ముఖ్యమైనవి.

ఎల్‌ఐఎఫ్ అనే సైటోకైన్ లేకపోతే గర్భమే రాదంటున్నారు, నిజమేనా?

ఎలుకల్లో నిజం. 1992లో కోలిన్ స్టూవర్ట్ బృందం ఎల్‌ఐఎఫ్ జన్యువు లేని ఆడ ఎలుకలను తయారు చేసింది. వాటిలో అండం విడుదలైంది, ఫలదీకరణ జరిగింది, పిండాలు బ్లాస్టోసిస్ట్ (అతుక్కోడానికి సిద్ధమైన) దశకి చేరాయి కూడా, కానీ ఒక్కటీ అతుక్కోలేదు. అవే పిండాలను మామూలు ఎలుకల గర్భాశయంలో పెడితే చక్కగా అతుక్కుని పెరిగాయి. లోపం పిండంలో లేదు, తల్లి పొర నుంచి రావాల్సిన ఒక్క సంకేతంలో ఉంది. ఈ రంగంలో ఇంత స్పష్టమైన ప్రయోగాలు తక్కువ.

మనుషుల్లో కూడా అతుక్కునే రోజుల్లో ఈ ఎల్‌ఐఎఫ్ లోపలి పొరలో పెరుగుతుంది. దాంతో ల్యాబులో తయారు చేసిన ఎల్‌ఐఎఫ్‌ని ఐవీఎఫ్ పదేపదే విఫలమైన మహిళలకి ఇచ్చి చూశారు. 2009లో వచ్చిన ఆ ట్రయల్ ఫలితం నిరాశపరిచింది, గర్భాలు పెరగలేదు. మనుషుల్లో ఒకే పనికి రెండు మూడు సంకేతాలు ఉంటాయి, పైగా ఒక సంకేతాన్ని ఒళ్ళంతా పారేలా ఎక్కిస్తే అది సరైన చోట, సరైన గంటలో పనిచేసినట్టు కాదు.

ఇన్‌ఫ్లమేషన్ చెడ్డదే కదా, అతుక్కునే సమయంలో దాన్ని పూర్తిగా తగ్గించేస్తే మంచిది కాదా?

కాదు. పిండం అతుక్కోవడమంటే ఒక పొరను చీల్చుకుని లోపలికి దిగడం, అంటే చిన్న గాయం లాంటిదే. అక్కడ ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ కొంత మేర ఉండటం సహజం, అవసరం కూడా. రక్తనాళాలు పెరగాలి, శిథిలమైన కణాలను శుభ్రం చేయాలి, ట్రోఫోబ్లాస్ట్‌కి దారి ఇవ్వాలి. గర్భానికి రోగనిరోధక పరంగా మూడు దశలని గిల్ మోర్ లాంటి పరిశోధకులు చెప్తారు: మొదట ఇన్‌ఫ్లమేషన్, మధ్యలో పొడుగాటి ప్రశాంతత, చివర్లో కాన్పుకి మళ్ళీ ఇన్‌ఫ్లమేషన్. మొదటి దశని బలవంతంగా నొక్కేస్తే సాయం చేసినట్టో అడ్డుపడినట్టో ముందే చెప్పలేం. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అన్నవే ఇక్కడ ముఖ్యం.

ఎండోమెట్రియల్ స్క్రాచింగ్ చేయించుకోమన్నారు, చిన్న గాయం చేస్తే సైటోకైన్లు పెరిగి పిండం అతుక్కుంటుందట. చేయించుకోనా?

ఆలోచన వెనుక తర్కం ఉంది. గీరితే తెల్ల రక్తకణాలు వస్తాయి, టీఎన్‌ఎఫ్ లాంటివి పెరుగుతాయి, అది పిండానికి అనుకూలిస్తుందని ఆశ. 2003లో వచ్చిన చిన్న అధ్యయనం ఆ ఆశని పెంచింది. కానీ 2019లో 1,364 మంది మహిళలతో చేసిన పెద్ద ట్రయల్‌లో గీరినవాళ్ళలోనూ గీరనివాళ్ళలోనూ బిడ్డ పుట్టిన శాతం ఒకటే, 26.1. నొప్పి, ఖర్చు అదనం. కాబట్టి రొటీన్‌గా చేయించుకోవాల్సిన కారణం నాకు కనిపించడం లేదు.

జీఎం-సీఎస్‌ఎఫ్ కలిపిన కల్చర్ మీడియం (ల్యాబులో పిండాన్ని పెంచే ద్రవం) వాడతామన్నారు, మంచిదేనా?

సహజంగా గర్భనాళంలో, గర్భాశయంలో పిండం ఈ సైటోకైన్ మధ్యే పెరుగుతుంది, ల్యాబు డిష్‌లో అది ఉండదు, అందుకని కలుపుతున్నారు. 2013లో 1,300 మందికి పైగా మహిళలతో స్కాండినేవియాలో ట్రయల్ జరిగింది. ముందుగా గర్భస్రావం అయినవాళ్ళలో లాభం ఉండొచ్చన్న సూచన వచ్చింది గానీ అందరికీ వాడమని చెప్పేంత ఆధారం ఇప్పటికీ లేదు. అదనంగా డబ్బు అడిగితే "నా కేసులో ఎందుకు?" అని అడగండి.

ట్రాన్స్‌ఫర్ (ఐవీఎఫ్ పిండాన్ని గర్భాశయంలో పెట్టడం) తర్వాత కొంచెం కడుపునొప్పి, ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇది అతుక్కున్నట్టా, తిరగబడ్డట్టా?

రెండూ చెప్పలేం. అతుక్కునే చోట పిండం పరిమాణం మిల్లీమీటరులో భాగం, అక్కడి సైటోకైన్ల మార్పు మీకు తెలిసేంత పెద్దది కాదు. ఒళ్ళు వెచ్చగా ఉండటం, రొమ్ములు బరువెక్కడం, పొట్ట లాగినట్టుండటం ఎక్కువగా ప్రొజెస్టెరాన్ పనే, గర్భం వచ్చినా రాకపోయినా ఉంటాయి. ఏ లక్షణమూ లేకుండా పాజిటివ్ వచ్చినవాళ్ళు ఎంతోమంది. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, నొప్పి తీవ్రంగా ఉన్నా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయండి.

## పాజిటివ్ వచ్చాక మొదటి వారాలు

గర్భాశయంలో ఎన్‌కే కణాలు ఎక్కువ ఉన్నాయన్నారు. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్ కదా, అవి బిడ్డని చంపేస్తాయా?

ఈ పేరు చేసినంత కీడు ఆ కణాలు చేయలేదు. మొదటి మూడు నెలల్లో గర్భాశయం లోపలి పొరలో ఉండే తెల్ల రక్తకణాల్లో సుమారు 70 శాతం ఇవే, ఆరోగ్యమైన గర్భంలో కూడా. ఇన్ని కణాలు నిజంగా బిడ్డని చంపేవే అయితే ఎవరికీ గర్భం నిలిచేది కాదు. రక్తంలో తిరిగే ఎన్‌కే కణాలకీ వీటికీ చాలా తేడా. రక్తంలో ఉన్నవాటిలో ఎక్కువభాగం చంపే స్వభావం ఉన్నవి, గర్భాశయంలో ఉన్నవి ప్రధానంగా సైటోకైన్లు, గ్రోత్ ఫ్యాక్టర్లు విడుదల చేసేవి.

వీటి పనితనం దగ్గరగా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ప్రొజెస్టెరాన్ ప్రభావంతో లోపలి పొర కణాలు ఐఎల్-15 విడుదల చేస్తాయి, దాంతో ఈ ఎన్‌కే కణాలు పెరిగి, స్పైరల్ ఆర్టరీలనే మెలికలు తిరిగిన సన్నటి రక్తనాళాల చుట్టూ చేరతాయి. ఆ నాళాల గోడలో కండరం వదులవడం మొదలవుతుంది. తర్వాత ట్రోఫోబ్లాస్ట్ కణాలు వచ్చి ఆ కండరం స్థానాన్ని ఆక్రమిస్తాయి. బిగుసుకోగల సన్నని గొట్టం కాస్తా బిగుసుకోలేని వెడల్పాటి దారిగా మారుతుంది, తల్లి రక్తం ఒత్తిడి లేకుండా నింపాదిగా మాయకి చేరుతుంది. ఈ మార్పు సగంలో ఆగిపోతే తర్వాత నెలల్లో ప్రీఎక్లాంప్సియా, బిడ్డ ఎదుగుదల తగ్గడం లాంటి సమస్యలు రావచ్చు.

కేంబ్రిడ్జ్‌లో ఆష్లీ మోఫెట్ బృందం 2004లో చూపించినది ఇంకా కొత్తగా అనిపిస్తుంది. తల్లి ఎన్‌కే కణాల మీద కేఐఆర్ అనే రిసెప్టర్లు ఉంటాయి, బిడ్డ వైపు హెచ్‌ఎల్‌ఏ-సీ ఉంటుంది. కొన్ని జతల్లో ఎన్‌కే కణాలకి మరీ ఎక్కువ నిరోధక సంకేతం అందుతుంది, అలాంటి తల్లుల్లో ప్రీఎక్లాంప్సియా ఎక్కువ. అంటే ఎన్‌కే కణాలు మరీ తక్కువగా పనిచేయడమే అక్కడ ఇబ్బంది.

టీహెచ్1, టీహెచ్2 నిష్పత్తి చూసి మందులిస్తామన్నారు. ఆ నిష్పత్తి అంత ముఖ్యమా?

టీహెచ్1, టీహెచ్2 అంటే వేర్వేరు సైటోకైన్లు విడుదల చేసే రెండు రకాల టీ కణాలు. 1993లో టామ్ వెగ్‌మన్, ఆయన సహచరులు ఒక ఆలోచన చెప్పారు: గర్భం నిలవాలంటే దాడి చేసే టీహెచ్1 సైటోకైన్లు తగ్గి టీహెచ్2 వైపు మొగ్గాలని. గర్భంలో చాలామందికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ నెమ్మదించడం, కాన్పు తర్వాత తిరగబెట్టడం దీనికి సరిపోయినట్టు కనిపించింది. అప్పట్లో అది గొప్ప ఆలోచనే, ఎంతో పరిశోధనకి దారితీసింది. కానీ అసలు విషయం అంత సులువుగా రెండు డబ్బాల్లో పట్టదు. టీహెచ్17, రెగ్యులేటరీ టీ కణాలు, ఎన్‌కే కణాలు, మాక్రోఫేజ్‌లు అన్నీ ఉన్నాయి, పైగా ఇంటర్‌ఫెరాన్-గామా లాంటి పక్కా టీహెచ్1 సైటోకైన్ లేకపోతే ఎలుకల్లో గర్భాశయ రక్తనాళాలు సరిగ్గా మారవు. చేతి నరం నుంచి తీసిన రక్తంలో ఆ నిష్పత్తి చూసి గర్భాశయంలో ఏం జరుగుతోందో చెప్పడం కుదరదు.

ఆవుల్లో ఇంటర్‌ఫెరాన్ వల్లే గర్భం నిలుస్తుందని చదివాను, మనకీ అంతేనా?

ఆవు, గొర్రె లాంటి నెమరువేసే జంతువుల్లో పిండం ఇంటర్‌ఫెరాన్-టౌ విడుదల చేసి "నేనున్నాను" అని తల్లికి తెలియజేస్తుంది. మనలో ఆ పని హెచ్‌సీజీది, టెస్ట్ కిట్‌లో గీత చూపించేది అదే. అది అండాశయంలో ప్రొజెస్టెరాన్ తయారీ ఆగకుండా చూస్తుంది, రెగ్యులేటరీ టీ కణాలను రప్పించడంలో కూడా దాని చేయి ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి.

గర్భాశయం పిండాన్ని పరీక్షిస్తుందని విన్నాను, అలా కూడా ఉంటుందా?

ఉంటుందనే ఆధారాలు పెరుగుతున్నాయి. మనుషుల్లో లోపలి పొర పిండం రాకముందే, ప్రతి నెలా తనంతట తానే మారుతుంది, దీన్ని డెసిడ్యువలైజేషన్ అంటారు. అలా మారిన కణాలను పిండాలతో కలిపి ల్యాబులో పెంచినప్పుడు, ఎదుగుదల ఆగిపోయిన పిండాలు దగ్గరున్నప్పుడు ఆ కణాలు ఐఎల్-1 బీటా, ఐఎల్-6, ఐఎల్-10 లాంటివాటి తయారీని బాగా తగ్గించేశాయి. మంచి పిండాలతో అలా జరగలేదు. యాన్ బ్రోసెన్స్, నిక్ మాక్లన్ లాంటివాళ్ళు దీని ఆధారంగా ఒక మాట అంటున్నారు: పదేపదే గర్భస్రావాలయ్యే కొందరిలో ఈ వడపోత వదులుగా ఉండి, నిలవలేని పిండాలకి కూడా చోటిస్తుండొచ్చని. అలాంటివాళ్ళకి గర్భం తొందరగానే వస్తుంది, నిలవదు. అందరికీ ఇదే కారణం అని కాదు, కానీ "నా ఒళ్ళు పిండాన్ని రానివ్వడం లేదు" అనుకునేవాళ్ళకి దీనికి పూర్తిగా ఎదురైన అవకాశం కూడా ఉందని తెలియాలి.

## గర్భం నిలవనప్పుడు

నా ఒళ్ళే బిడ్డని తిప్పికొట్టిందా?

చాలావరకు కాదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువ, పిండంలో క్రోమోజోముల సంఖ్య తేడా వల్ల పోతాయి. అది ఫలదీకరణ సమయంలోనో అంతకుముందో జరిగిపోయిన విషయం, తల్లి ఇమ్యూనిటీకి, తిండికి, పనికి, టెన్షన్‌కి దానితో సంబంధం లేదు. వీలైతే పోయిన గర్భం కణజాలానికి జన్యు పరీక్ష చేయించండి. ఇమ్యూనిటీ మందుల వైపు వెళ్ళేముందు ఆ జవాబు చేతిలో ఉంటే ఎంతో మేలు.

బ్లడ్‌లో ఎన్‌కే కణాలు, సైటోకైన్లు టెస్ట్ చేయించమన్నారు. చేయించాలా?

నా అభిప్రాయం సూటిగా: చికిత్సని మార్చే పరీక్ష కాకపోతే చేయించొద్దు. రక్తంలో ఎన్‌కే కణాల సంఖ్య వ్యాయామం చేసినా, సూది భయం ఉన్నా, జలుబు చేసినా మారుతుంది, పైగా గర్భాశయంలో ఉన్నవాటి గురించి అది చెప్పదు. సైటోకైన్లు రక్తంలో పికోగ్రాముల లెక్కన, కొద్దిసేపే ఉంటాయి. ఒక నంబరు కాస్త ఎర్రగా కనిపించగానే మనసు పాడవుతుంది, ఆ వెంటనే మందుల జాబితా వస్తుంది. యూరప్‌లో సంతాన చికిత్స నిపుణుల సంస్థ ఎష్రే కూడా ఇలాంటి పరీక్షలను రొటీన్‌గా చేయొద్దనే చెప్తోంది.

చేయించాల్సిన రక్తపరీక్ష వేరే ఉంది. రెండు మూడుసార్లు గర్భం పోతే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే యాంటీబాడీలు) చూడాలి, పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చూసి నిర్ధారించాలి. ఇది ఇమ్యూనిటీకి నిజంగా సంబంధించిన కారణం, దీనికి తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ అనే స్థిరపడిన చికిత్స ఉంది.

స్టెరాయిడ్లు, ఇంట్రాలిపిడ్, ఐవీఐజీ, జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు: వీటిలో ఏది పనిచేస్తుంది?

ఒక్కొక్కటిగా చెప్తాను, ఎందుకంటే అన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ గురించి 2022లో చైనాలో 715 మంది మహిళలతో పెద్ద ట్రయల్ వచ్చింది. ఐవీఎఫ్ పదేపదే విఫలమైనవాళ్ళకి రోజుకి 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. బిడ్డ పుట్టినవాళ్ళు మందు వాడినవాళ్ళలో 37.8 శాతం, వాడనివాళ్ళలో 38.8 శాతం. అంటే లాభం లేదు. నెలలు నిండకుండా కాన్పవడం, గర్భం మొదట్లోనే పోవడం మందు వాడినవాళ్ళలో ఎక్కువగా కనిపించింది. "ఏం నష్టం లేదు, ఒకసారి వాడి చూద్దాం" అనేవాళ్ళకి ఈ ట్రయల్ చూపించాలి.

జీ-సీఎస్‌ఎఫ్ అనే సైటోకైన్ మందు మీద బ్రిటన్‌లో 150 మందితో ట్రయల్ జరిగింది, కారణం తెలియని గర్భస్రావాలు పదేపదే అయినవాళ్ళు వాళ్ళు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం మందుతో 59.2 శాతం మందికి, ఉత్త ఇంజెక్షన్‌తో 64.9 శాతం మందికి బిడ్డ పుట్టింది. ఆ రెండో అంకెని ఇంకోసారి చూడండి. ఏ మందూ లేకుండానే, మంచి పర్యవేక్షణతో, మూడింట రెండు వంతులకి దగ్గరగా బిడ్డని ఎత్తుకున్నారు.

ఇంట్రాలిపిడ్ అనేది సోయా నూనె, గుడ్డులోని ఫాస్ఫోలిపిడ్లతో చేసిన కొవ్వు ద్రవం, నోటితో తినలేని రోగులకి పోషణ కోసం తయారైనది. గర్భం నిలవడానికి ఇది పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం లేదు. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం)కి సాధారణంగా లాభం కనిపించలేదు, అయితే నాలుగు అంతకంటే ఎక్కువసార్లు గర్భం పోయినవాళ్ళకి చాలా తొలి రోజుల్లో పెద్ద మోతాదు ఇచ్చిన ఒక చిన్న జపాన్ ట్రయల్‌లో 2022లో మంచి ఫలితం వచ్చింది. అది మరో చోట మరింతమందితో రుజువయ్యే దాకా ఐవీఐజీని పరిశోధనలో భాగంగానే వాడటం సబబు. రక్తం నుంచి తీసిన మందు కాబట్టి తలనొప్పి, అలర్జీ, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు కూడా లెక్కేసుకోవాలి.

ఇక భర్త తెల్ల రక్తకణాలను భార్యకి ఎక్కించే చికిత్స, దాన్ని లింఫోసైట్ ఇమ్యునోథెరపీ అంటారు. 1999లో కరోల్ ఓబర్ బృందం ట్రయల్‌లో అది గర్భాలను నిలబెట్టలేదు సరికదా, ఎక్కించుకున్నవాళ్ళకే ఫలితాలు తక్కువ వచ్చాయి. ఎవరైనా ఇప్పుడు కూడా ఇస్తామంటే వద్దనండి.

ప్రొజెస్టెరాన్ కూడా ఇమ్యూనిటీ మందేనా? అది వాడొచ్చా?

అది ప్రధానంగా హార్మోన్, కానీ ఇమ్యూన్ కణాలను నెమ్మదింపజేసే గుణం కూడా ఉంది. ఐవీఎఫ్‌లో ట్రాన్స్‌ఫర్ తర్వాత ఇవ్వడం మామూలే. సహజంగా వచ్చిన గర్భంలో, 2019లో 4,000 మందికి పైగా మహిళలతో జరిగిన ప్రిజం ట్రయల్‌లో తొలి వారాల్లో రక్తస్రావం ఉన్నవాళ్ళందరినీ కలిపి చూస్తే తేడా స్పష్టంగా తేలలేదు. అయితే రక్తస్రావంతో పాటు ముందు గర్భస్రావాలు కూడా అయినవాళ్ళలో లాభం కనిపించింది, మూడు అంతకంటే ఎక్కువ అయినవాళ్ళలో ఇంకా బాగా. ఆ పరిస్థితి మీదైతే డాక్టరుని అడగడానికి సంకోచించొద్దు.

క్రానిక్ ఎండోమెట్రైటిస్ అని రిపోర్ట్ వచ్చింది, ఇది సైటోకైన్ల సమస్యేనా?

లోపలి పొరలో లక్షణాలేమీ చూపించని దీర్ఘకాలపు ఇన్‌ఫ్లమేషన్ ఇది. బయాప్సీలో సీడీ138 రంగుతో ప్లాస్మా కణాలు కనిపిస్తే అలా అంటారు. అక్కడ సైటోకైన్ల తీరు మారుతుంది, పొర సరిగ్గా సిద్ధం కాదు. సాధారణంగా డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తారు. ఎన్ని కణాలుంటే జబ్బు అనాలన్న విషయంలో ల్యాబుకో లెక్క ఉంది, కాబట్టి రిపోర్ట్‌లో సంఖ్య కూడా రాయించుకోండి.

## రోజువారీ సందేహాలు

ఇమ్యూనిటీ బూస్టర్లు వాడొచ్చా?

గర్భం కోసం వాడాల్సిన అవసరం లేదు. ఇమ్యూనిటీని మొత్తంగా పెంచడం అనేదే ఇక్కడ పనికొచ్చే లక్ష్యం కాదు, పైగా మూలికలు కలిసిన కొన్ని ఉత్పత్తులు తొలి వారాల్లో ఎంత సురక్షితమో ఎవరూ పరీక్షించలేదు. ఫోలిక్ యాసిడ్ మాత్రం రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భానికి ముందు నుంచే వేసుకోండి.

తొలి వారాల్లో జ్వరం వస్తే ఆ సైటోకైన్లు బిడ్డకి చేటా?

మామూలు జలుబు జ్వరానికి భయపడక్కర్లేదు. ఎక్కువ జ్వరం రోజుల తరబడి ఉంటే మాత్రం మంచిది కాదు, కాబట్టి ఓర్చుకుని కూర్చోకుండా తగ్గించుకోవాలి. పారాసిటమాల్ చెప్పిన మోతాదులో వాడొచ్చు. ఫ్లూ వ్యాక్సిన్ గర్భం ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, వ్యాక్సిన్ తర్వాత ఒకటి రెండు రోజులుండే ఒళ్ళునొప్పులు గర్భానికి హాని చేయవు.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, టీఎన్‌ఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్ వాడుతున్నా. గర్భం కోసం మానేయాలా?

మీ అంతట మీరు మానేయొద్దు. జబ్బు అదుపులో లేకుండా గర్భం రావడమే ఎక్కువ ప్రమాదం. ఈ రకం ఇంజెక్షన్లలో సెర్టోలిజుమాబ్ మాయ దాటి బిడ్డకి చేరేది చాలా తక్కువ, అడాలిముమాబ్ లాంటివి కూడా చాలామందిలో కొంతకాలం కొనసాగిస్తారు, చివరి నెలల్లో ఆపాలా అన్నది డాక్టరు చూస్తారు. చివరి నెలల్లో కూడా వాడి ఉంటే, బిడ్డ పుట్టాక ఆ విషయం పిల్లల డాక్టరుకి చెప్పండి, రోటావైరస్, బీసీజీ లాంటి లైవ్ టీకాలు ఎప్పుడు వేయాలో వాళ్ళు నిర్ణయిస్తారు. మెథోట్రెక్సేట్ కూడా వాడుతుంటే విషయం వేరు, అది గర్భానికి హాని చేసే మందు, ప్రయత్నం మొదలుపెట్టడానికి కొన్ని నెలల ముందే మార్పించుకోవాలి. ఈ మాట రుమటాలజిస్టుకీ గైనకాలజిస్టుకీ ఇద్దరికీ చెప్పండి, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోవడం చాలా తరచుగా జరుగుతుంది.